పిలవకుండా వచ్చినవాళ్ళు

అక్వేరియం ఉన్న ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేది "ఏ చేపలు పెంచుతున్నారు?" అనే. మేమూ వరసగా అప్పజెప్పేవాళ్ళం: ఏంజెళ్ళు, నియాన్లు, గప్పీలు, అడుగున తిరిగే కోరీలు. ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని గుర్తు చేసుకుంటుంటే, ఏరికోరి తెచ్చుకున్న ఆ చేపలే ముందు మసకబారిపోయాయి. ఏ ఏంజెల్ ముందొచ్చింది, ఏది ముందు పోయింది అంటే నేనొకటి చెబుతాను, తమ్ముడొకటి చెబుతాడు. ఎవరూ తేకుండా, ఎవరూ అడక్కుండా ఆ గాజు తొట్టిలోకి వచ్చి చేరినవి కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. పిలవని పేరంటానికి వచ్చిన ఆ చుట్టాల గురించే ఈ నాలుగు ముక్కలూ.

తొట్టి మా బాబాయిది. అద్దాలు కోయించి తెచ్చి తనే అతికించాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంతకు ముందు తరంలో ఇనుప ఫ్రేములో అద్దాలు బిగించి పుట్టీ పెట్టేవాళ్ళట. 1960లలో సిలికాన్ జిగురు వచ్చాక ఫ్రేమే అక్కర్లేకుండా పోయింది. ఆ జిగురు ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది కాబట్టి గదంతా వెనిగర్ కంపు. "ఆ వాసన పూర్తిగా పోతేగానీ నీళ్ళు పోయకూడదు" అని బాబాయి రోజూ మూలమూలా ముక్కు పెట్టి చూసేవాడు. బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ బాత్రూముల్లోకి బాగానే ఉంటుంది, చేపలకి మాత్రం విషమే. ట్యూబు మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివి మరీ కొన్నాడు.

కింద పెట్టిన బల్ల విషయంలో నానమ్మకీ ఆయనకీ పెద్ద చర్చే జరిగింది. ఆవిడ లెక్కలో అది చూడటానికి చిన్న పెట్టె. ఆ కొలతలకి నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. అంటే 56 కిలోలు, నీళ్ళొక్కటే. రాళ్ళూ అద్దాలూ కలిస్తే ఒక మనిషి బరువు రాత్రింబవళ్ళు ఆ బల్ల మీద కూర్చున్నట్టే. బల్లకీ అద్దానికీ మధ్య థర్మోకోల్ షీటు పరిచాడు. బల్ల మీద చిన్న ఎగుడుదిగుడున్నా, ఒక ఇసుక రేణువున్నా బరువంతా అక్కడే పడి అడుగు అద్దం పగులుతుంది. మెత్తని షీటుంటే ఆ భారం సమంగా సర్దుకుంటుంది.

గులకరాళ్ళు కడగడం పిల్లల వంతు. బక్కెట్లో పోసి, చెయ్యి పెట్టి కలిపి, పైకి తేలిన మట్టినీళ్ళు వంచేసి మళ్ళీ పోయాలి. సబ్బు ఊసెత్తకూడదు. తేటనీళ్ళు వచ్చేదాకా బాబాయి వదిలిపెట్టలేదు. తొట్టి అడుగున చిల్లుల ప్లాస్టిక్ పలక, దాని మూలన నిలువు గొట్టం, గొట్టంలోకి ఎయిర్ పంపు నుంచి సన్నని పైపు. బుడగలు గొట్టంలో పైకి ఎగబాకుతూ నీళ్ళని కూడా లాక్కుపోతాయి. పోయిన నీళ్ళ చోటులోకి పైనున్న నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దిగుతాయి. వడపోత మొత్తం ఇంతే. బుడగలు ఆక్సిజన్ ఇస్తాయని అందరూ అంటారు గానీ నిజానికి అవి పైకొచ్చి నీటి మట్టాన్ని కదిలిస్తాయి, గాలి నీళ్ళలో కలిసేది ఎక్కువగా అక్కడే. పంపుని తొట్టి కంటే ఎత్తులో మేకుకి తగిలించాడు. కరెంటు పోతే నీళ్ళు పైపులో వెనక్కి ఎక్కి కిందున్న పంపులోకి కారిపోతాయి, ఎత్తులో ఉంటే ఆ భయం లేదు. రాళ్ళ మీద ఒక ప్లేటు పెట్టి, సర్దిన రాళ్ళు చెదరకుండా దాని మీదుగా నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు కూడా ముందు రోజే బక్కెట్లలో పట్టి ఉంచినవి, క్లోరిన్ ఎగిరిపోవడానికి. ఇప్పుడు కుళాయి నీళ్ళలో కొన్నిచోట్ల క్లోరమిన్ కలుపుతున్నారు. అది రాత్రంతా నిలవబెట్టినా పోదు, సోడియం థయోసల్ఫేట్ లాంటి విరుగుడు వెయ్యాల్సిందే.

అన్నీ అయ్యాయి. పంపు గుర్రుమంటోంది, లైటు వెలుగుతోంది. చేపలు లేవు.

"చేపలేవి బాబాయ్?"

"వస్తాయిలే. ముందు రావలసినవాళ్ళు రావద్దూ?"

"ఎవరొస్తారు?"

"వచ్చినా మీకు కనబడరు."

అంతకంటే విప్పి చెప్పలేదు. పొద్దున్నే చిటికెడు చేపల మేత ఖాళీ నీళ్ళలో చల్లి వెళ్ళేవాడు. "చేపల్లేని తొట్టికి మేతేమిట్రా, నీ మొహం!" అని నానమ్మ రోజూ అనేది. తమ్ముడైతే అలిగి ఆ గదిలోకి రావడమే మానేశాడు. కొన్నాళ్ళకి నీళ్ళు తెల్లగా మసకేశాయి. పాడైపోయాయి, పారబోద్దామని మేము గోల. బాబాయి మాత్రం సంబరపడ్డాడు. "అదిగో, మొదలుపెట్టారు" అన్నాడు.

ఆయన ఎదురు చూసింది బ్యాక్టీరియా కోసం. మేత కుళ్ళితే అమోనియా పుడుతుంది. చేపలున్నప్పుడు వాటి మొప్పల్లోంచీ వచ్చేది అదే. అది చేపలకి పెద్ద విషం. నీళ్ళ పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ ఆ విషం పదును కూడా పెరుగుతుంది. ఒక రకం బ్యాక్టీరియా ఆ అమోనియాని తిని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా తక్కువది కాదు, చేప రక్తంలో ఆక్సిజన్‌ని మోయనివ్వదు. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది మొక్కలు పీల్చుకునేది, మోతాదు మించనంత వరకు చేపలకి హాని లేనిది. ఈ రెండు రకాలూ గులకరాళ్ళ మీద కాపురం పెట్టి, వచ్చిన విషాన్ని వచ్చినట్టు సర్దేసేంతగా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వీటిని ఎవరూ తెచ్చి వెయ్యరు. గాలిలోంచో, నీళ్ళతోనో, తర్వాత తెచ్చిన మొక్కల వేళ్ళనంటుకునో అవే వస్తాయి. కొత్త తొట్టిలో నీళ్ళు పోసిన రోజే చేపలు వేస్తే వారం తిరక్కుండా అవి తలకిందులవడానికి కారణం ఇదే. "చేపలు పెంచడం మాకు అచ్చిరాదండీ" అనేవాళ్ళలో చాలామందికి అచ్చిరానిది ఈ నెల్లాళ్ళ ఓపిక.

రెండో రకం పేరు నైట్రోబాక్టర్ అని బాబాయి మాచేత కంఠస్థం పట్టించాడు. అప్పటి పుస్తకాలన్నిట్లోనూ అదే ఉండేది. తీరా 1998లో అక్వేరియాల ఫిల్టర్లని జన్యువుల స్థాయిలో వెతికి చూస్తే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే కుటుంబమని బయటపడింది. 2015లో ఇంకో వింత: అమోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒంటిచేత్తో చేసేసే నైట్రోస్పైరాలు కూడా ఉన్నాయట. తొట్టికి వచ్చిన మొట్టమొదటి చుట్టాన్ని ప్రపంచం మొత్తం అన్నేళ్ళు వేరే పేరుతో పిలిచిందన్నమాట. ఈ కబురు చెబితే బాబాయి కాసేపు నవ్వి, "పేరేదైతేనేం, పని చేసిందిగా" అన్నాడు.

తర్వాతి వంతు పాచిది. చేపలు రాకముందే అద్దాల మీద, రాళ్ళ మీద గోధుమరంగు పొర దిగింది. వేలితో రాస్తే పొడిలా రాలేది. కొత్త తొట్లన్నిటికీ మొదట పట్టే డయాటమ్‌లు అవి. ఒక్కో కణం తన చుట్టూ సిలికాతో గోడ కట్టుకుంటుంది. అంటే మా గాజు పెట్టెలో వాళ్ళు ఇంకా చిన్న గాజు పెట్టెలు కట్టుకుని ఉన్నారు! కొన్ని వారాలు ఉండి, ఆకుపచ్చ పాచికి చోటు వదిలేసి వాటంతట అవే పోయాయి.

మొదట వేసిన చేపలు జీబ్రా డానియోలు. బాబాయి అన్నిటికంటే గట్టి పిండాలని వాటినే తెచ్చాడు. చారలతో అటూ ఇటూ పరుగెత్తడమే తప్ప కుదురుగా నిలబడి ఎరగవు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకంలోని చేపలని వర్ణిస్తూ దీన్నీ నమోదు చేశాడు. ఇవాళ జన్యుశాస్త్రం ప్రయోగశాలల్లో ఎలుక తర్వాత ఎక్కువగా వినబడే పేర్లలో ఇదొకటి. పిండం అద్దంలా పారదర్శకంగా ఉండి, గుండె కొట్టుకోవడం కూడా కనబడుతుంది కాబట్టి. మాకప్పుడు అవన్నీ తెలియవు. మేత వేస్తే ముందు అవే వస్తాయి, అంతే.

డానియోల తర్వాత మొక్కలు. పొడుగ్గా రిబ్బన్లలా లేచే వాలిస్నేరియా, వేళ్ళే లేకుండా నీళ్ళలో తేలే హార్న్‌వర్ట్. ఆ మొక్కలతోనే వచ్చాయి నత్తలు.

వచ్చాయని చెప్పడం కూడా పూర్తిగా సరికాదు, వచ్చినప్పుడు మాకు కనబడలేదు. ఒక సాయంత్రం తమ్ముడు అద్దం లోపలివైపు చిన్న జిగురు ముద్ద అంటుకుని ఉందన్నాడు. అంగుళంలో మూడో వంతు ఉంటుంది, నీళ్ళకంటే కాస్త మెరుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే లోపల గుండ్రటి గుడ్లు, ఒక్కో దాని మధ్య ఒక చుక్క. మర్నాటికి ఆ చుక్కలు కాస్త పెద్దవయ్యాయి. ఇంకొన్నాళ్ళకి చుక్క చుట్టూ గవ్వ ఆకారం కట్టింది, ఆ తర్వాత గుడ్డులోనే గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మా ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా ఎవరూ లేవకపోవడం ఆ రోజుల్లోనే. నానమ్మ కళ్ళజోడు మార్చుకుని వచ్చి, "ఏదీ, నన్నూ చూడనీండర్రా" అనేది. చేపల్ని ఏనాడూ పట్టించుకోని మనిషి.

పిల్ల నత్తలు బయటికొచ్చాక అసలు సందడి మొదలైంది. గోరు మీది తెల్లచుక్కంత ఉండి కూడా అద్దం మీది పాచిని గీరుకుంటూ పోయేవి. నత్త నోట్లో వరసలు వరసలుగా సన్నని పళ్ళున్న పట్టీ ఉంటుంది, దాన్ని ర్యాడ్యులా అంటారు. అద్దానికి ఇవతల ముఖం ఆనించి కూర్చుంటే అవతల నోరు తెరుచుకోవడం, పట్టీ బయటికొచ్చి ఒక్క నాకు నాకి లోపలికి పోవడం, మళ్ళీ తెరుచుకోవడం కనబడేది. అది వెళ్ళిన దారిలో పాచి పొర మీద అటూ ఇటూ మెలికలు తిరిగిన గీత మిగిలేది. తమ్ముడు రోజూ పొద్దున్నే లేచి రాత్రి ఏ నత్త ఎటు తిరిగిందో ఆ గీతల్ని బట్టి చెప్పేవాడు. అవి ఊపిరితిత్తి ఉన్న రకం. నీళ్ళలో బతుకుతూనే ఉండుండి పైకొచ్చి గాలి పీల్చుకుపోయేవి. ఆడా మగా ఒకే ఒంట్లో. జత దొరక్కపోయినా ఒక్కటే సంసారం నడిపేసుకోగలదు. అందుకే "ఒక్క నత్తేగా, ఉండనీ" అన్న ఇంట్లో రెండు నెలల్లో అద్దం కనబడదు.

అలా అని నత్తలు ఊరికే పెరగవు. తొట్టిలో మిగిలిపోయే మేత ఎంతో నత్తలు అంత. మేము మేత తగ్గించినప్పుడల్లా అవీ తగ్గేవి, ఎవరైనా చుట్టాలొచ్చి వాళ్ళ పిల్లలు ముచ్చటపడి గుప్పిళ్ళతో వేసినప్పుడల్లా పొంగేవి. మేత ఎక్కువైందని నీళ్ళు పరీక్షించే ఏ కిట్టూ అంత కచ్చితంగా చెప్పదని బాబాయి అనేవాడు. ఇంకో రకం నత్తలు, కోసుగా మొలలా ఉండేవి, పగలంతా గులకరాళ్ళలో దాక్కుని లైటు ఆర్పాక బయల్దేరేవి. అవి రాళ్ళ సందులు కదుపుతుంటే అడుగున కుళ్ళు పేరుకోదు. అవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. అవెలా వచ్చాయో ఇప్పటికీ అంతుపట్టలేదు.

అసలు ఇంట్లో అక్వేరియం అనేది నిలబడిందే నత్తల వల్ల. ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్ళు మార్చకుండా చేపల్ని ఎన్నాళ్ళు ఉంచవచ్చో చూశాడు. గాజు పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప వదిలింది మొక్క తీసుకుంటుంది. లెక్క సరిపోయింది గానీ, కుళ్ళిన ఆకులు నీళ్ళని చెడగొట్టాయి. అప్పుడు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తిన్నాయి, వాటి గుడ్లు చేపలు తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి. మూడేళ్ళకి, 1853లో, లండన్ జూలో జనం చూసే అక్వేరియం తెరిచారు, ఆ పిచ్చి ఇళ్ళలోకి పాకింది. వారింగ్టన్ వెతికి తెచ్చుకున్నవి మాకు అడక్కుండానే వచ్చాయి.

గప్పీల కథ వేరు. తొట్టి నిండిపోకూడదని బాబాయి కావాలని ఆడవాటినే తెచ్చాడు. మగవి లేకపోతే పిల్లలు ఎక్కడివి, అని ఆయన ధీమా. నెల తిరిగేసరికి హార్న్‌వర్ట్ కొమ్మల మధ్య రెండు కళ్ళు. కళ్ళే ముందు కనబడ్డాయి. ఒళ్ళు ఇంకా పారదర్శకంగా ఉంది, కళ్ళు మాత్రం నల్లగా, మనిషిని చూసినట్టే చూస్తున్నాయి. ఇంకాస్త పరికిస్తే పక్కన ఇంకొకటి, కింద ఇంకో నాలుగు. తమ్ముడు వేసిన కేకకి ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది.

గప్పీ ఆడది ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని ఒంట్లో దాచుకుని నెలల తరబడి, ఒక కాన్పు తర్వాత ఇంకో కాన్పుగా పిల్లల్ని కనగలదు. ఒక్కో కాన్పుకీ మధ్య నాలుగు వారాల ఎడం. అమ్మేవాళ్ళ తొట్లో మగవాటితో కలిసి తిరిగి వచ్చిన ఆడవాటికి ఇక్కడ మగదాని అవసరమే లేదు. ఈ సంగతి తెలిశాక ఎప్పుడు కంటుందా అని కాపలా కాయడం మా పనైంది. పొట్ట కింద తోక మొదట్లో ఒక నల్లటి మచ్చ ఉంటుంది, రోజులు దగ్గరపడేకొద్దీ అది ముదిరి పెద్దదవుతుంది. పొట్ట అడుగుభాగం గుండ్రం పోయి పలకలు తేరుతుంది. ఆ రోజు అది మేత ముట్టదు, ఒక మూలన నిలబడుతుంది. ఒకసారి కళ్ళముందే చూశాను: చిన్న ఉండలా ముడుచుకుని బయటికి జారింది పిల్ల, రెండంగుళాలు కిందికి మునిగింది, ఒక్కసారి ఒళ్ళు విదిలించి విచ్చుకుంది, ఆ వెంటనే మొక్కల్లోకి దూసుకుపోయింది. ఎందుకంత తొందరంటే కన్నతల్లే వెనక్కి తిరిగి మింగేస్తుంది. నానమ్మకి ఇది అస్సలు మింగుడు పడలేదు. ఆ తల్లి గప్పీని చాలా రోజులు పేరు పెట్టి తిట్టింది. హార్న్‌వర్ట్ దట్టంగా ఉన్నన్నాళ్ళూ పిల్లలు బతికాయి, పలచబడినప్పుడు తగ్గాయి.

గప్పీ అనే పేరు ఒక మనిషిదే. ట్రినిడాడ్‌లో ఉన్న రాబర్ట్ జాన్ లెచ్మియర్ గప్పీ పంపిన చేపలకి 1866లో బ్రిటిష్ మ్యూజియంలో ఆయన పేరు పెట్టారు. దానికి ఏడేళ్ళు ముందే, 1859లో, జర్మనీలో పీటర్స్ అనే ఆయన ఆ చేపని వేరే పేరుతో వర్ణించేసి ఉండటంతో శాస్త్రం పుస్తకాల్లో ఆ పేరే నిలిచింది. జనం నోట్లో మాత్రం గప్పీయే. దోమ పిల్లల్ని తింటుందని దేశదేశాల చెరువుల్లో, కాలువల్లో దీన్ని వదిలారు. చాలాచోట్ల అది దోమల్ని అటుంచి అక్కడి చిన్న చేపలకే ఎసరు పెట్టింది. పిలవకుండా వెళ్ళిన చుట్టం అన్ని ఇళ్ళలోనూ మంచిదవుతుందని లేదు.

ఇక డబ్బు పెట్టి తెచ్చిన తారల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నియాన్ టెట్రాలు అందమైనవి, ఒప్పుకుంటాను. 1934లో పెరూ అడవుల్లోని వాగుల్లో దొరికితే 1936లో పేరు పెట్టారు. ఆ నీలం చార రంగు పూసింది కాదు, చర్మంలోని సన్నని పలకలు వెలుగుని విరిచి చూపించేది. రాత్రి లైటు ఆర్పాక వెలవెలబోతాయి, పొద్దున్నే లైటు వేస్తే కాసేపటికి మళ్ళీ నీలం ఎక్కుతుంది. ఏంజెళ్ళు దర్జాగా తిరిగాయి. కోరీలు ఉండుండి పైకి దూసుకొచ్చి గాలి మింగి కిందికి పోయేవి, పేగులతో కూడా ఊపిరి పీల్చుకునే జాతి అవి. అన్నీ బాగున్నాయి. ఫొటోలు కూడా వాటివే ఉన్నాయి.

రాకూడని చుట్టం కూడా ఒకరున్నారు. కొత్త చేప ఏదొచ్చినా బాబాయి ముందు కొన్ని వారాలు వేరే టబ్బులో ఉంచేవాడు. ఆ టబ్బులోనే ఒకసారి కొత్త చేపలకి రెక్కల మీద, ఒంటి మీద తెల్లచుక్కలు కనబడ్డాయి, ఒక్కోటి మిల్లీమీటరుకి మించి లేదు. తెల్లమచ్చల జబ్బు. ఆ చుక్క పుండు కాదు, చర్మం కింద దూరి కూర్చుని తింటున్న ఒక ఏకకణజీవి. బలిసాక చేపని వదిలి అడుగుకి రాలుతుంది, చుట్టూ తిత్తి కట్టుకుని లోపల వందల ముక్కలుగా చీలుతుంది. ఆ ముక్కలు ఈదుకుంటూ బయల్దేరి రెండు మూడు రోజుల్లో ఒక చేపని పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఆ ఈదే రోజుల్లోనే. చర్మం కింద ఉన్నప్పుడూ, తిత్తిలో ఉన్నప్పుడూ ఏ మందూ తగలదు. అందుకే చుక్కలు పోయాయి కదా అని మందు ఆపేస్తే మళ్ళీ వస్తాయి. నీళ్ళు కాస్త వెచ్చబెడితే ఆ చక్రం గబగబా తిరిగి తొందరగా మందుకి చిక్కుతుంది. టబ్బు నీళ్ళకి వాడిన మగ్గు, వల తొట్టి దరిదాపుల్లోకి రానివ్వలేదు బాబాయి. తడి చెయ్యి కూడా.

నాకు అన్నిటికంటే ఇష్టమైన అతిథి హైడ్రా. గప్పీ పిల్లల కోసం చెరువునీళ్ళలోని డాఫ్నియాలనే బుల్లి నీటిజీవుల్ని తెచ్చి పోసినప్పుడు వచ్చి ఉంటుంది. అద్దానికి అంటుకుని దారప్పోగంత ఒళ్ళు, కొసన చుట్టూ ఇంకా సన్నని చేతులు. తాకితే మటుమాయం, చిన్న బొడిపెగా ముడుచుకుపోతుంది. కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంటే నెమ్మదిగా మళ్ళీ చాచుతుంది. ఒక డాఫ్నియా ఈదుతూ వచ్చి చేతికి తగిలిందా, టక్కున ఆగిపోయేది. హైడ్రా చేతుల్లో కుట్టే ముళ్ళుంటాయి. ఆ తర్వాత తీరిగ్గా నోట్లోకి లాక్కోవడం, డాఫ్నియా మింగాక హైడ్రా పొట్ట దగ్గర ఉబ్బడం, లోపల అది ఇంకా నల్లగా కనబడటం. ఒంటి పక్కన మొగ్గ వేసి, దానికి చేతులొచ్చాక విడగొట్టి పంపేస్తుంది. అలా ఒకటి రెండవుతుంది. అప్పుడే పుట్టిన చేప పిల్లకి కూడా ఇది గండమేనని తెలిసి బాబాయి పిల్లల టబ్బులో దాన్ని ఉండనిచ్చేవాడు కాదు. పెద్ద తొట్లో మాత్రం మా కోసం వదిలేశాడు.

1740లో అబ్రహాం ట్రెంబ్లే అనే ఆయన హాలండ్‌లో ఒక కామందు ఇంట్లో ఇద్దరు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, గుంటలోంచి తెచ్చిన నీటిమొక్కల సీసాలో ఇలాగే హైడ్రాని చూశాడు. మొక్కో జంతువో తేలక రెండు ముక్కలు కోసి చూస్తే రెండూ పూర్తి హైడ్రాలయ్యాయి. ఐరోపా పండితులంతా ముక్కున వేలేసుకున్నారు. ఇంత గొడవకీ మూలం అడక్కుండా మొక్కతో వచ్చిన ఒక పీచు ప్రాణి. ఆ ఇద్దరు పిల్లలకి ఆ సీసా పక్కన ఎలా గడిచిందో నాకు బాగా తెలిసినట్టే ఉంటుంది.

బాబాయికి బదిలీ అయినప్పుడు తొట్టి మాకే వదిలేశాడు. అది కారడం మొదలయ్యేదాకా ఉంది. తర్వాత నేనూ తమ్ముడూ ఎవరిళ్ళలో వాళ్ళం పెట్టుకున్నాం.

తమ్ముడిది ఇప్పటి పద్ధతి. బయట డబ్బా ఫిల్టరు, ఎల్ఈడీ లైటు, సిలిండర్‌లోంచి కొలిచి వదిలే కార్బన్ డయాక్సైడ్. జపాన్‌లో నీగతాకి చెందిన ఫొటోగ్రాఫర్ తకాషి అమనో చూపించిన బాట అది: రాళ్ళు, దుంగలు, పచ్చిక పెట్టి నీళ్ళలో ఒక కొండవాలునే నిలబెట్టడం. అమనో 2015లో పోయాడు గానీ ఆయన పేరు పెట్టుకున్న రొయ్యలు ఇవాళ ప్రపంచమంతా తొట్లలో పాచి మేస్తున్నాయి. తమ్ముడి తొట్టి ముందు నిలబడితే మధ్యాహ్నానికి ప్రతి ఆకు కొసనా ఒక ఆక్సిజన్ బుడగ మెరుస్తుంటుంది. ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. మొక్కలు ప్రయోగశాలలో పెంచిన టిష్యూ కల్చర్ కప్పుల్లో వస్తాయి. జిగురులో పెరిగిన మొక్కలు, ఒక్క నత్త గుడ్డుండదు, ఒక్క పాచి పోగుండదు. బ్యాక్టీరియా కూడా సీసాలో దొరుకుతోంది. ఖాళీ తొట్టికి మేత వేసి ఎదురుచూసే పనే లేదు.

నాకెందుకో అక్కడ పావుగంట కంటే కూర్చోబుద్ధి కాదు. దాంట్లో ఉన్నవన్నీ వాడు పెట్టినవే. రేపొద్దున ఏం కనబడుతుందో ముందే తెలుసు. మా ఇంట్లోది ఇప్పటికీ స్పాంజి ఫిల్టరు, హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, గప్పీలు. మొక్కలు ఎవరింటి తొట్లోంచైనా అడిగి తెచ్చుకుంటాను, కొత్త చేపల్ని ఉంచినట్టే వాటినీ కొన్నాళ్ళు వేరే టబ్బులో ఉంచుతాను, అంతవరకే. అందులో ఏం కదులుతుందా అని చూడటమే ఇష్టం. ఈమధ్య ఏదో సన్నని తెల్ల పురుగు అద్దం మీద పాకుతోంది, దాని సంగతేమిటో ఇంకా చూడాలి. పిల్లలు ఎక్కువైతే పెంచుకుంటామన్నవాళ్ళకి ఇస్తాను. ఎంత ఎక్కువైనా చెరువులో, కాలువలో మాత్రం వెయ్యను, మొక్క ముక్క కూడా. తొట్లో ముద్దుగా ఉన్న గోల్డ్ ఫిష్ బయట చెరువులో అడుగు పొడవు పెరిగి అడుగంతా తవ్విపోస్తుంది. అద్దం నాకే సక్కర్ చేపలు ఎన్ని దేశాల నదుల్లో తిష్ఠ వేశాయో లెక్క లేదు.

మా ఇంట్లో నత్తలు చూసి తమ్ముడికి ఒళ్ళు మండుతుంది. "నత్తల్ని తినే నత్తలున్నాయక్కా, హెలీనా అంటారు. పసుపూ నలుపూ చారలతో భలే ఉంటాయి. నాలుగు తెచ్చి వెయ్యి, పీడా పోతుంది" అంటాడు. అద్దం మీది గీతలు చదివిన వాడేనా వీడు అనిపిస్తుంది. మొన్న ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి గాజు సీసాలో నీటిమొక్క కావాలట, కాస్త వాలిస్నేరియా పంపమన్నాడు.

"పంపేముందు పటిక కలిపిన నీళ్ళలో ముంచి పంపక్కా. నత్తలుంటే చస్తాయి."

"పటిక లేదురా ఇంట్లో" అన్నాను.